లీటరుకు పదమూడు

మా శాఖ పేరు ప్రమాణాల పరిరక్షణ శాఖ. జిల్లాలో కిలో కిలోగా ఉందా, లీటరు లీటరుగా ఉందా, బట్టల కొట్లో మీటరు బద్ద నిండా మీటరు ఉందా అని చూడటం మా పని. లేకపోతే పట్టుకుంటాం. సంతలో వంకాయలమ్మే ఆవిడ తక్కెడ అడుగున చింతపండు ముద్ద అంటించినా మా కన్ను దాటిపోదు. ఆ శాఖలో నేను, అంటే కొల్లూరి భానోజీరావును, బండ్ల సెక్షనుకు సూపరింటెండెంటుని. ఉత్తర్వులు రాయడంలో నాకు కాస్త పేరుంది. ఈ కథలో జరిగిన తెలివితక్కువ పనుల్లో సగం నా చేతిరాతలోనే ఉన్నాయి కాబట్టి ఇంకొకరిని నిందించే హక్కు నాకు లేదు. అయినా నిందిస్తాను.

మా సంచాలకులు డాక్టర్ లింగమూర్తి గారు ఫిబ్రవరిలో ఎక్కడో చల్లటి కొండ ఊళ్ళో మూడు రోజుల సదస్సుకు వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు నున్నటి అట్ట ఉన్న ఫోల్డరు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. మర్నాడే అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా! ఇంజను తిరుగుతోంది. దాంతోపాటు ఆల్టర్నేటరు తిరుగుతోంది. తిరిగితే కరెంటు పుడుతోంది. ఈ కరెంటుకు మనం ఎవరికైనా బిల్లు కడుతున్నామా?"

లేదన్నాం.

"మరి ఇంతకాలం చిన్న ఆల్టర్నేటరు తగిలించుకుని, ఉచితంగా పుట్టవలసిన విద్యుత్తును పుట్టకుండా అడ్డుకున్నది ఎవరు? మనమే. ఇది శక్తి పట్ల మనం చేసిన అపచారం. పెద్ద ఆల్టర్నేటరు పెడితే ఇంజను మీద భారం తగ్గుతుంది, పనితీరు పెరుగుతుంది, డీజిలు మిగులుతుంది. ఫోల్డరులో ఉంది."

ఫోల్డరులో నిజంగానే ఉంది. అమ్మేవాళ్ళు అచ్చువేసిన ఫోల్డరు అది. 'పనితీరులోనూ ఇంధన పొదుపులోనూ ముప్ఫై శాతం దాకా మెరుగుదల' అని ఉంది. ఆ 'దాకా' కాస్త చిన్న అక్షరాల్లో ఉంది. ఉత్తర్వు రాసేటప్పుడు 'దాకా' అంటే వాక్యం నిలకడ లేనట్టు కనిపించింది నాకు. తీసేశాను. ఏప్రిల్ ఒకటి నుంచి శాఖలోని పన్నెండు జీపులకూ అరవై ఆంపియర్ల ఆల్టర్నేటరు స్థానంలో నూట ఎనభై ఆంపియర్లది, మైలేజీ ప్రమాణం లీటరుకు పది స్థానంలో పదమూడు. ఆల్టర్నేటర్లు ఇంకా రాలేదు గానీ పదమూడు మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది.

మొదటి ఆల్టర్నేటరు బిగించింది దాలినాయుడి బండికి. మజ్జి దాలినాయుడు మా డ్రైవర్లలో పెద్దవాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఇంకా మూడేళ్ళుంది. మిగతా పదకొండు జీపులకూ ఇతని జీపుకూ ఒకటే తేడా. ఇతని బండిలో కిలోమీటర్ల మీటరు పనిచేస్తుంది. మా ఆఫీసులో కొత్త జీపు వచ్చిన వారానికి మీటరు కేబులు దానంతటదే ఊడిపోతుంది, తిరిగి పెట్టించమని ఎవరూ అడగరు. నెలాఖరున డ్రైవర్లు షెడ్డులో బల్ల మీద కూర్చుని, ఆ నెల ఎంత డీజిలు పోశారో చూసుకుని, దాన్ని పదితో హెచ్చవేసి, వచ్చిన కిలోమీటర్లను ఊళ్ళకు పంచేసి లాగ్‌బుక్కు పూర్తిచేస్తారు. ఎవరి బండి చూసినా లీటరుకు సరిగ్గా పది. దాలినాయుడి బండి మాత్రం ఒక నెల తొమ్మిదీ ముప్పావు ఇస్తుంది, ఒక నెల పదీ పావు ఇస్తుంది. ఎందుకయ్యా నీకీ బాధ అని ఒకసారి అడిగాను.

"మన బతుకే కొలత మీద బతుకు కదా బావూ. సంతలో ఆడమనిషి తూకం పట్టుకుని, మన బండి తూకం మనమే తప్పితే ఎలాగ?" అన్నాడు. అటువంటి ప్రశ్నలు ఎదురైనప్పుడు నేను టీకి వెళ్తుంటాను.

ఆల్టర్నేటరు బిగించినవాడు సత్తార్. మా ఊళ్ళో బండ్ల కరెంటు పని అంతా అతనిదే. బిగించడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "మంచి సరుకు సార్. పాతదానితో ఏసీ వేస్తే లైట్లు మసకబారేవి. నాలుగు రోజులు తీయకపోతే బ్యాటరీ పడుకునేది. ఇక ఆ బాధ ఉండదు" అన్నాడు.

"డీజిలు ముప్ఫై శాతం మిగులుతుందట కదా" అన్నాను.

సత్తార్ నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. బానెట్టు ఎత్తే ఉంది, ఇంజను ఊరికే ఆడుతోంది. డ్రైవరు కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టి లైట్లు, ఏసీ, ఫ్యాను అన్నీ ఒక్కసారి వేశాడు. అప్పటిదాకా హాయిగా పాడుతున్న ఇంజను గొంతు తగ్గి మూలిగింది.

"విన్నారా? ఆ మూలుగు డీజిలే. ఆల్టర్నేటరుని తిప్పేది బెల్టు, బెల్టుని తిప్పేది ఇంజను. మీరెంత కరెంటు లాగితే ఇంజనుకి అంత బరువు. పెద్దది పెట్టినంత మాత్రాన ఎక్కువ తాగదు. పాత లైట్లు పాత ఏసీయే వాడితే పాత మైలేజీయే వస్తుంది. కొత్త సామాన్లు తగిలిస్తే తగ్గుతుంది. పెరగడం మటుకు లేదు సార్."

"నానూ అదే అనుకున్నాను" అన్నాడు దాలినాయుడు.

నేను ఆ మాటలన్నీ నోటు పెట్టి పైకి పంపాను. దాని మీద సంచాలకులు గారు పచ్చ సిరాతో ఇలా రాశారు: 'మెకానిక్కు అభిప్రాయం లెటర్‌హెడ్ మీద లేదు. ఫైలు చేయండి.' చేశాను.

కథ అక్కడితో ఆగి ఉంటే పెద్ద ప్రమాదం ఉండేది కాదు. మే నెలలో రాజధాని నుంచి వినియోగ ధ్రువపత్రం అడుగుతూ ఉత్తరం వచ్చింది. సర్కారు ఏ వస్తువు కొనిచ్చినా దాన్ని వాడినట్టు మేం రాసివ్వాలి. ఆల్టర్నేటర్ల సామర్థ్యంలో కనీసం ఎనభై శాతం వినియోగించినట్టు బండి వారీగా ధ్రువపత్రం పంపాలి, పంపని అధికారులపై చర్య ఉంటుంది. ఒక జీపులో ఎంత వాడినా ముప్ఫై శాతం దాటడం లేదు. కరెంటు ఖర్చు చేయడానికి మార్గాలు వెతకమని సంచాలకులు గారు సర్క్యులరు ఇచ్చారు. "ఉచిత విద్యుత్తును వృథాగా మిగల్చడం కూడా దుబారాయే" అన్నారు.

మా అధికారులు ఆ సర్క్యులరును పాటించినంత నిష్ఠగా మరే సర్క్యులరునూ పాటించలేదు. సంచాలకుల బండి పైన నాలుగు ఫ్లడ్‌లైట్లు, లోపల చిన్న ఫ్రిజ్జు వెలిశాయి. సంయుక్త సంచాలకులు హేమనళిని గారు టీ కెటిలు, కాళ్ళు నొక్కే మిషను పెట్టించుకున్నారు. ఒక ఇన్‌స్పెక్టరు రైస్ కుక్కరు పెట్టాడు. బొబ్బిలి చేరేసరికి అన్నం, సాలూరు చేరేసరికి పప్పు అవుతున్నాయని, ఇంటి దగ్గర కన్నా బాగా ఉడుకుతున్నాయని చెప్పుకున్నాడు. దాలినాయుడి బండికి కేటాయించిన అధికారికి ఇలాంటి సరదాలు లేవు. అందుకని స్టోర్సు వాళ్ళు మూలనున్న ఆరు హాలోజను దీపాలూ, రెండు టేబుల్ ఫ్యాన్లూ, ఒక ఇన్వర్టరూ, బకెట్టులో వేసే నీళ్ళ హీటరూ బిగించిపోయారు.

"నడెండాకాలం. ఈ యేన్నీళ్ళు ఎవులికి బావూ?" అని అడిగాడు దాలినాయుడు.

"ధ్రువపత్రానికి" అన్నాను.

పగలల్లా దీపాలు వెలిగించుకుని, వెనక సీట్లో బకెట్టు కుతకుతలాడుతుండగా ఆ జీపు మే నెలంతా జిల్లా తిరిగింది. నెలాఖరుకు లీటరుకు ఎనిమిది వచ్చింది. దాలినాయుడు ఎనిమిది అని రాశాడు. మిగతా పదకొండు బండ్లకూ పదమూడు వచ్చింది. ఎందుకు రాదు? హెచ్చవేత పదితో కాక పదమూడుతో వేశారు.

సంచాలకులు గారు ఆనందంతో ఉబ్బిపోయారు. మెట్ల దగ్గర 'ముప్ఫై శాతం పొదుపు సాధించిన శాఖ' అని బోర్డు పెట్టించారు. ఆ పొదుపు డీజిల్లో ఎక్కడా కనపడలేదు, పైపెచ్చు ఫ్రిజ్జులూ కుక్కర్లూ తాగినంత తాగి డీజిలు వాడకం పెరిగింది. పెరిగిన డీజిలును పదమూడుతో హెచ్చవేసేసరికి మా జీపులు అంతకుముందు కన్నా అరవై శాతం ఎక్కువ దూరం తిరిగినట్టు తేలింది. తిరిగితే ఎక్కడికో తిరగాలి కదా. ఆ కిలోమీటర్లకు సరిపడా ఊళ్ళు, ఊళ్ళకు సరిపడా తనిఖీలు, తనిఖీలకు సరిపడా నివేదికలు పుట్టించవలసి వచ్చింది. జూన్ నెలలో జిల్లాలో ప్రతి తక్కెడనూ మూడుసార్లు తనిఖీ చేశాం. జూలైకి ఊళ్ళు అయిపోయాయి. రిజర్వాయరులో మునిగిపోయి పద్దెనిమిదేళ్ళయిన ఒక ఊరిని కూడా మా ఇన్‌స్పెక్టరు చూసొచ్చాడు. 'కిరాణా కొట్లో తూకాలన్నీ సక్రమంగా ఉన్నవి' అని నివేదిక.

ఇంత సంబరంలో దాలినాయుడి ఎనిమిది పంటికింద రాయిలా తగిలింది. పదకొండు బండ్లు పదమూడిస్తుంటే ఒక్క బండి ఎనిమిదివ్వడానికి ఒకటే కారణం ఉండాలని సంచాలకులు గారు తేల్చారు. నేను రాశాను: 'శ్రీ మజ్జి దాలినాయుడు, డ్రైవరు, లీటరుకు ఐదు కిలోమీటర్లకు సరిపడు ఇంధనమును స్వప్రయోజనములకు మళ్ళించినట్లు ప్రాథమికముగా ద్యోతకమగుచున్నది. ఆయనను ఉద్యోగమునుండి ఎందుకు తొలగించరాదో తెలుపవలెను.'

మెమో నేనే ఇచ్చాను. షెడ్డు ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివాడు. చివరిదాకా చదివి మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"అంటే దొంగనంటున్నారా బావూ?"

"నేననడం లేదు నాయుడూ. పదకొండు బండ్లు అంటున్నాయి."

"ఇరవయ్యారేళ్ళు. ఒక్క చుక్క..." అని ఆగిపోయాడు. పక్కనున్న డ్రైవరొకడు, "పదమూడు రాసీ అన్నా, ఒగ్గేత్తారు" అన్నాడు. "మీటరు ఎనిమిది సూపిత్తంటే పదమూడు ఎలా రాసేది?" అన్నాడు దాలినాయుడు. "కేబులు పీకీ!" అన్నారు ముగ్గురు ఒకేసారి. దాలినాయుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండి తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ మెమో భాష నాదే. ద్యోతకమగుచున్నది అన్నచోట నేను కాస్త మురిసిపోయిన మాట కూడా నిజమే.

విచారణాధికారిగా హేమనళిని గారిని వేశారు. ఆవిడ గట్టి మనిషి, కొలత అంటే ప్రాణం. నివేదికలతో పనిలేదు, నడిపి చూద్దామన్నారు. జీపు ట్యాంకు ఖాళీ చేయించి, పెట్రోలు బంకుల్ని పరీక్షించే మా ఇత్తడి లీటరు పాత్రతో తొణక్కుండా ఒక లీటరు పోయించారు. దీపాలు, ఫ్యాన్లు, బకెట్టు, అన్నీ వేసుకుని బయల్దేరాం. ముందు సీట్లో ఆవిడ, వెనక బకెట్టు పక్కన నేను. సరిగ్గా ఎనిమిదో కిలోమీటరు రాయి దాటి పది గజాలకు జీడితోట ముందు బండి ఆగిపోయింది. ఆవిడ కిందికి దిగి రాయిని చూశారు, మీటరు చూశారు. తరవాత సామాన్లన్నీ ఆపేయించి ఇంకో లీటరు పోయించారు. ఈసారి పది కిలోమీటర్లకు ఓ వంద గజాలు ఇవతల ఆగింది.

"ఇతను నిర్దోషి!" అన్నారావిడ, నడిరోడ్డు మీద నిలబడి. ముఖం వెలిగిపోతోంది. "ఆల్టర్నేటరు వల్ల మైలేజీ పెరగదు. లోడు పెడితే తగ్గుతుంది. ఇతని లెక్కే సరైనది. మిగతా పదకొండు బండ్లూ అబద్ధం!"

దాలినాయుడు రెండు చేతులూ జోడించాడు. అప్పుడు హేమనళిని గారు నావైపు తిరిగారు.

"భానోజీ గారూ, ఆ పదకొండులో నా బండి కూడా ఉంది కదూ?"

"ఉంది మేడమ్."

"పోయిన నెల నేనెంత దూరం తిరిగినట్టుంది?"

"మూడు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు మేడమ్. మునిగిపోయిన ఊరి మీద మీరు మళ్ళీ పర్యవేక్షణ తనిఖీ కూడా చేశారు."

ఆఫీసు చేరాక ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించారు. "నిజం రుజువు చేయడం తేలికే నండీ. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే తెలియడం లేదు" అన్నారు. దాలినాయుడు చెప్పింది నిజమైతే అధికారులందరూ ఇరుక్కుంటారు. కాకపోతే దాలినాయుడి ఉద్యోగం పోతుంది. సంచాలకులు గారిని అడిగితే ఏమంటారో ఇద్దరికీ తెలుసు. అధికారులు పదకొండు మంది, దాలినాయుడు ఒక్కడు.

ఇక్కడే నేను తలదూర్చాను. ఒట్టేసి చెబుతున్నాను, దాలినాయుణ్ణి కాపాడాలన్న ఒకే ఒక్క ఉద్దేశంతో దూర్చాను.

"మేడమ్, ఎనిమిదీ నిజమే, పదమూడూ నిజమే అనడానికి ఒక దారుంది. కిలోమీటరుని సవరిస్తే సరిపోతుంది."

ఆవిడ నావైపు చూశారు.

"ఎనిమిది వేల మీటర్లను పదమూడుతో భాగిస్తే ఆరువందల పదిహేను మీటర్లు వస్తుంది. శాఖ అంతర్గత అవసరాలకు దాన్నే కిలోమీటరుగా నిర్ణయిద్దాం. ప్రమాణాలు మన చేతిలోనే కదా ఉన్నాయి. అప్పుడు దాలినాయుడి బండి కూడా పదమూడే ఇస్తుంది, ఎవరూ దొంగ కారు."

సంచాలకులు గారు ఆ ఫైలు చూసి లేచి నిలబడి నాకు చెయ్యిచ్చారు. "కొలతను వాస్తవానికి అనుగుణంగా మార్చడం ఎవరైనా చేస్తారు. మనం వాస్తవాన్నే ప్రమాణీకరిస్తున్నాం" అన్నారు. ఆయనేమన్నారో ఆయనకైనా తెలుసో లేదో. ఆగస్టు పదహారు నుంచి 'శాఖాపర కిలోమీటరు' అమల్లోకి వచ్చింది. దాలినాయుడి మీద అభియోగం రద్దయింది.

తొలిరోజుల్లో బాగానే ఉంది. ఆఫీసు నుంచి విశాఖపట్నం అంతకుముందు కన్నా చాలా దూరమైంది. జిల్లా విస్తీర్ణం పెరిగింది. రోజూ ఐదు కిలోమీటర్లు నడవమని డాక్టరు చెప్పిన మా అకౌంటెంటు మూడు వీధులు తిరిగి ఇంటికొచ్చేస్తున్నాడు. తరవాత పెద్ద బజార్లో గవర్రాజు అనే బట్టల వ్యాపారిని మా ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడు. మీటరు బద్ద అరవై ఒకటిన్నర సెంటీమీటర్లే ఉంది. గవర్రాజు కంగారు పడకుండా గల్లాపెట్టె కింద నుంచి మా ఉత్తర్వు నకలు తీశాడు.

"కిలోమీటరంటే వెయ్యి మీటర్లే కదండీ?" అన్నాడు.

"అవును."

"మీ కిలోమీటరుని వెయ్యితో భాగించి చూడండి. బద్ద సరిపోయిందా?"

సరిపోయింది. బద్ద తిరిగిచ్చేసి, సక్రమంగా ఉందని మా ముద్ర కూడా వేసి రావలసి వచ్చింది. ఆ వారం మా ఆవిడ కొన్న జాకెట్టు ముక్క ఒక చేతికే వచ్చింది. ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టగానే నేను టీకి వెళ్ళాను.

సెప్టెంబరులో సంచాలకులు గారు పాత రికార్డులను కూడా కొత్త ప్రమాణంలోకి మార్చమన్నారు. సమన్వయ కమిటీ కూర్చుంది. మీటరు పనిచేయని పదకొండు బండ్ల కిలోమీటర్లు ఎలాగూ అంచనాలే కాబట్టి వాటిని మొదటి నుంచీ శాఖాపర కిలోమీటర్లుగానే భావించాలని తీర్మానించారు. మీటరు పనిచేసిన బండి ఒక్కటే. దాన్ని మాత్రం మార్చాలి. మార్చారు. ఇరవై ఆరేళ్ళుగా లీటరుకు పది చూపిస్తూ వచ్చిన దాలినాయుడు, కొత్త లెక్క ప్రకారం లీటరుకు పదహారుంపావు నడిపాడు. చూపించింది పదే.

కమిటీ వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. నాకు మళ్ళీ రాయక తప్పలేదు: 'శ్రీ మజ్జి దాలినాయుడు గడచిన ఇరువది ఆరు సంవత్సరములుగా లీటరుకు ఆరుంపావు కిలోమీటర్ల చొప్పున ప్రయాణమును దాచినట్లు వెల్లడైనది. దాచిన కిలోమీటర్లలో ఎచ్చటెచ్చటికి, ఏ పనిమీద వెళ్ళినదీ తేదీల వారీగా, సమగ్రముగా, సత్యముగా రెండు వారములలో తెలుపనిచో ఉద్యోగమునుండి తొలగించబడును.'

ఇవ్వబోతూ అతని మొహంలోకి చూడలేకపోయాను. "నేను నిన్ను కాపాడదామనే చేశాను నాయుడూ. ఇలా తిరుగుతుందనుకోలేదు. నన్ను క్షమించు" అన్నాను.

అతను మెమో రెండుసార్లు చదివాడు.

"ఎక్కడికి ఎల్లానో రాయాలి. అంతే కదా బావూ?"

"అంతే."

"పనేటో కూడా రాయాలా?"

"అలాగే ఉంది."

"సత్యముగా అనీసి ఉన్నాది."

"ఉంది."

"అయితే రాత్తాను" అన్నాడు.

లాగ్‌బుక్కులో దూరం రాసేది డ్రైవరు. 'ఏ పనిమీద' అన్న గడి నింపేది బండెక్కిన అధికారి. ఇరవై ఆరేళ్ళుగా ఆ గడిలో 'తూకముల తనిఖీ' అనే రెండు మాటలే ఉన్నాయి. అసలు పని ఏమిటో డ్రైవరును ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు సంచాలకులు గారి సంతకంతో, సర్కారు ముద్రతో అడిగారు.

దాలినాయుడు రెండు వందల పేజీల నోటుబుక్కులు ఆరు కొన్నాడు. పాత లాగ్‌బుక్కులు పక్కన పెట్టుకుని షెడ్డులో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. తేదీ చూడగానే బండిలో ఏమెక్కించాడో గుర్తొచ్చేది అతనికి. పదో రోజుకు మొదటి పుస్తకం పూర్తిచేసి నాకిచ్చాడు. తెరిచి చదివాను.

'శ్రావణం. పెద్దసారు తోడల్లుడి గృహప్రవేశానికి బూడిద గుమ్మడికాయలు పదకొండు. 38 కిలోమీటర్లు. గడిలో తూకముల తనిఖీ.'

'అప్పటి సంయుక్త సంచాలకుల అత్తగారిని పంటి డాక్టరు దగ్గిరికి. పన్ను పీకలేదు, మళ్ళీ రమ్మన్నాడు. రెండు దినాలు, 52. గడిలో తూకముల తనిఖీ.'

'ఎస్టాబ్లిష్‌మెంటు సారు గేదె ఈనింది. జున్నుపాలు ఏడు ఇళ్ళకి. 19. గడిలో తూకముల ఆకస్మిక తనిఖీ.'

అలా నూట తొంభై పేజీలు. ఎవరి మీదా నింద లేదు, ఒక్క విసురు మాట లేదు. నేను ఆ పుస్తకాన్ని నా బీరువాలో పెట్టుండవచ్చు. పెట్టలేదు. నా సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని బహుశా అదే. 'తమ సమాచారం నిమిత్తం' అని చీటీ అంటించి, పేజీ నూట పన్నెండు దగ్గర దారం పెట్టి, స్వయంగా సంచాలకులు గారి బల్ల మీద ఉంచాను.

లింగమూర్తి గారు మా ఆఫీసులోనే ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం మొదలుపెట్టారు. నూట పన్నెండో పేజీలో ఇలా ఉంది: 'కొత్త ఇన్‌స్పెక్టరు లింగమూర్తి బాబుని పెళ్ళిచూపులకి. ఒకటే దినం మూడిళ్ళు. 74 కిలోమీటర్లు. మూడో ఇంటికాడ బండి గంటన్నర ఆగింది. పిల్ల నచ్చిందన్నారు. తరవాత నచ్చలేదన్నారు. గడిలో తూకముల తనిఖీ.'

సంచాలకులు గారు ఆ పేజీ చదివి పుస్తకం మూసేశారు.

"ఇతను ఎన్నేళ్ళు రాశాడు?"

"పధ్నాలుగు నెలలు అయింది సార్. ఇంకా ఇరవై నాలుగేళ్ళ పది నెలలుంది. ఐదు పుస్తకాలు సిద్ధంగా ఉంచుకున్నాడు, చాలవంటున్నాడు."

"ఆపమను."

దాలినాయుణ్ణి పిలిపించారు. కుర్చీ వేయించారు. ఆ గదిలో డ్రైవరుకు కుర్చీ వేయడం నేను చూడ్డం అదే మొదలు. అతను కూర్చోలేదు.

"దాలినాయుడూ, నువ్వింత శ్రమపడనక్కర్లేదు. మెమో సంగతి మేం చూసుకుంటాం" అన్నారు సంచాలకులు గారు.

"మెమో కాయితం మీద ఉన్నాది కదండీ. ఒగ్గేసినట్టు కూడా కాయితం మీదే ఇప్పించండి. అందాకా నాను రాత్తూనే ఉంతాను. ముందర ఇంకా తమరు డిప్యూటీ సారుగా ఉన్న కాలం ఉన్నాది."

"నీకేం కావాలో చెప్పు."

"దొంగని కానని ఒకటి. బకెట్టూ దీపాలూ తీయించీమని ఒకటి. మీటరు ఎంత సూపితే అంత రాత్తాను. ఎనిమిదైతే ఎనిమిది, పదైతే పది. అది తప్పని ఇంకెవులూ నన్ను అడక్కూడదు. అంతేనండి."

ఇక నన్ను రాయమన్నారు. నాకిదొక చిక్కు. ఒక్క బండికి నిజమైన కిలోమీటరు ఒప్పుకుంటే మిగతా పదకొండు బండ్లు రేపు అదే అడుగుతాయేమో, లేదా అవి అడగకపోయినా వాటిని ఎవరైనా అడుగుతారేమో. మూడు చిత్తుప్రతులు కొట్టేసి నాలుగోది టైపు చేయించాను. సంచాలకులు గారు పచ్చ సిరాతో సంతకం పెట్టారు:

'శ్రీ మజ్జి దాలినాయుడు, డ్రైవరు, పై గల అభియోగములన్నియు ఉపసంహరించడమైనది. ఆయన నడుపు వాహనము, ఆయన పదవీ విరమణ తేదీ వరకు మాత్రమే, ప్రత్యేక కేసుగా, ఇతరులు దీనిని ఉదాహరణగా చూపరాదను షరతుకు లోబడి, వాస్తవ కిలోమీటర్లు నడుపుటకు ఇందుమూలముగా అనుమతి ఇవ్వడమైనది.'

దాలినాయుడు ముట్టినట్టు సంతకం పెట్టి, ఉత్తర్వును మళ్ళీ ఒకసారి కూడబలుక్కుని చదివాడు. విరమణ తేదీ దగ్గర వేలు పెట్టి ఆపాడు.

"నాను దిగిపోయినాక మళ్ళా ఆ ఊళ్ళన్నీ దూరం జరిగిపోతాయా బావూ?"

అతనికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"జరిగిపోతాయి నాయుడూ" అన్నాను.